రెండు నగరాల మధ్య విమాన సమయాన్ని ఒక్క అంకెతో సరిపెట్టవద్దు

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారములు. కొత్త విమాన సర్వీసు మొదలవుతోందన్న వార్త వచ్చిన ప్రతిసారీ, దాని పక్కన చిన్న బాక్సు కట్టి ‘దూరం ఇన్ని కిలోమీటర్లు, ప్రయాణ సమయం ఇన్ని గంటలు’ అని రెండు అంకెలు వేయడం మన పత్రికలన్నింటిలోనూ ఆనవాయితీ అయిపోయింది. ఆ రెండు అంకెలనూ పాఠకులు శ్రద్ధగా చదువుతారు. కత్తిరించి దాచుకునేవారూ ఉన్నారు. మధ్యలో విమానం మారవలసినవారు ఎంత వ్యవధి ఉంచుకోవాలో, అయినవాళ్ళ కోసం విమానాశ్రయానికి ఎదురు వెళ్ళేవారు ఏ వేళకు బయలుదేరాలో వాటిని బట్టే లెక్క వేసుకుంటారు. అయితే ఆ దూరాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన కొలిచారో, ఆ సమయాన్ని ఏ క్షణం నుంచి ఏ క్షణం వరకు లెక్కించారో, అది వెళ్ళేటప్పటిదో తిరిగి వచ్చేటప్పటిదో ఆ బాక్సులో కనిపించదు. దూరాన్ని ఏదో ఒక సగటు వేగంతో భాగించి, వచ్చిన ఫలితాన్నే సమయంగా వేస్తున్నారని కొన్నిసార్లు చూడగానే తెలిసిపోతుంది. విమానయానంలో దూరాన్ని బట్టి సమయం అంత నేరుగా తేలదు. భూగోళశాస్త్రం బోధించడంలోనే ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిగా ఈ విషయం మీ దృష్టికి తేవడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందుగా దూరం సంగతి. భూమి గుండ్రంగా ఉంది కనుక దాని ఉపరితలం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం వెంబడి సాగుతుంది. భూకేంద్రం గుండా, ఆ రెండు చోట్ల గుండా పోయే తలం భూమిని కోసినప్పుడు ఏర్పడే వృత్తమే మహావృత్తం. మాటల్లో చెబితే పిల్లలకు ఇది ఒక పట్టాన అందేది కాదు. గ్లోబు ముందు పెట్టి, న్యూయార్క్ మీద దారం ఒక కొస, మాడ్రిడ్ మీద రెండో కొస ఆనించి బిగువుగా లాగమంటే మాత్రం వెంటనే అర్థమయ్యేది. ఆ రెండు నగరాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 40 డిగ్రీల ఉత్తరానికి కాస్త పైన ఉన్నాయి. తరగతి గది గోడ మీది పటంలో వాటిని కలపాలంటే అడ్డంగా ఒక తిన్నని గీత గీస్తే చాలనిపిస్తుంది. గ్లోబు మీద బిగించిన దారం మాత్రం ఆ అక్షాంశ రేఖను వదిలి ఉత్తరానికి జరిగి, అట్లాంటిక్ నడిమధ్యలో 46 డిగ్రీల దాకా వెళ్ళి మళ్ళీ కిందికి దిగుతుంది. అక్షాంశ రేఖ పట్టుకునే పోతే దూరం సుమారు 5,940 కిలోమీటర్లు, దారం చూపిన దారిన పోతే సుమారు 5,770. పటంలో వంకరగా కనిపించేదే దగ్గరి దారి. ధ్రువాలకు చేరువయ్యే కొద్దీ ఈ తేడా ఎంతో పెరుగుతుంది. 60 డిగ్రీల అక్షాంశం మీద, గోళానికి చెరోవైపున, అంటే రేఖాంశంలో 180 డిగ్రీల తేడాతో రెండు ఊళ్ళు ఉన్నాయనుకుందాం. అక్షాంశ రేఖ వెంబడి వాటి మధ్య సుమారు 10,000 కిలోమీటర్లు ఉంటుంది. ధ్రువం మీదుగా పోతే 6,670 కిలోమీటర్లే.

మన మనసులో ముద్ర వేసుకున్న గోడ పటం చాలావరకు గెరార్డస్ మెర్కేటర్ 1569లో తయారు చేసిన పద్ధతిదో, దానికి దగ్గరి బంధువో అయి ఉంటుంది. దిక్సూచి చూపే ఒకే దిశను పట్టుకుని ఓడ నడిపేవారికి ఆ దారి తిన్నని గీతగా కనిపించాలన్నది ఆయన ఉద్దేశం. ఆ పని ఆ పటం నేటికీ చక్కగా చేస్తుంది. విమాన దూరాలను దాని మీద స్కేలు పెట్టి కొలవబోవడమే పొరపాటు. విమానంలో సీటు ముందున్న తెర మీద తమ దారి విల్లులా వంగి ఉండటం చూసి, పైలట్ చుట్టు తిప్పి తీసుకుపోతున్నాడని తోటి ప్రయాణికులు కంగారు పడటం నేను విన్నాను. వారిని తప్పు పట్టలేము. వారికి చిన్ననాటి నుంచి అలవాటైన పటం అదే.

మహావృత్త దూరాన్ని లెక్కించడం కష్టం కాదు. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే, భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని, గోళీయ త్రికోణమితి సూత్రంతో హైస్కూలు విద్యార్థి కూడా కాగితం మీద సాధించగలడు. భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుని ఉంటుంది కనుక ఆ ఫలితంలో అర శాతం దాకా తేడా రావచ్చు. మరింత కచ్చితత్వం కావలసినవారు భూమి అసలు ఆకారాన్ని లెక్కలోకి తీసుకునే సూత్రాలు వాడతారు. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున పోతుంది కాబట్టి నేల మీది కంటే దూరం ఎంతో పెరుగుతుందేమోనని అడిగేవారున్నారు. పెరిగేది పదివేల కిలోమీటర్లకు 17 కిలోమీటర్లు మాత్రమే. అసలు ఇబ్బంది ఈ సూత్రాలలో లేదు, ఏ చోటు నుంచి ఏ చోటుకు కొలుస్తున్నామన్నదానిలో ఉంది. నగరాల మధ్య దూరం అన్నప్పుడు కొందరు నగర కేంద్రాన్ని తీసుకుంటారు, మరికొందరు విమానాశ్రయాన్ని తీసుకుంటారు. టోక్యోకు నరితా విమానాశ్రయం సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది, హనేడా నగరాన్ని ఆనుకునే ఉంది. ‘టోక్యోకు ఇంత దూరం’ అని మాత్రమే రాస్తే పాఠకుడికి సగం సమాచారమే అందినట్టు. ఇక మైళ్ళలో ఉన్న అంకెను కిలోమీటర్లలోకి మార్చేటప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. విమానయానంలో వాడేది నాటికల్ మైలు. అది సరిగ్గా 1,852 మీటర్లు, రోడ్డు మైలు 1,609 మీటర్లు. ఒకదాన్ని మరొకటిగా పొరబడితే అంకె నూటికి పదిహేను వంతుల దాకా తారుమారవుతుంది.

ఇంత జాగ్రత్తగా లెక్కించిన మహావృత్త దూరాన్ని కూడా విమానం ఉన్నదున్నట్టుగా ఎగరదు. విమానం గాలికి ఎదురుగా లేచి, గాలికి ఎదురుగానే దిగాలి. తూర్పుకు పోవలసిన విమానం ఆ రోజు గాలి పడమటి నుంచి వీస్తుంటే ముందు పడమటి వైపు ఎగిరి, ఎత్తుకు చేరుతూ వెనక్కి తిరుగుతుంది. రద్దీగా ఉండే విమానాశ్రయాలలో దిగడానికి వరుస కట్టాలి. లండన్ హీత్రోకు వచ్చే విమానాల కోసం ఆకాశంలో నాలుగు చోట్ల నిరీక్షణ వలయాలు నిర్ణయించి ఉన్నాయి. వంతు వచ్చేవరకు విమానాలు అక్కడ ఒకదానిపై ఒకటిగా, వేరువేరు ఎత్తులలో తిరుగుతుంటాయి. ఒక్కో చుట్టుకు దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. రెండు ఇంజన్ల విమానాలకు ఇంకో కట్టుబాటు ఉంది. ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత వ్యవధిలోగా ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగే దారిలోనే అవి పోవాలి. ఒకప్పుడు ఆ వ్యవధి 60 నిమిషాలే కావడం వల్ల అవి మహాసముద్రాలను తిన్నగా దాటలేకపోయేవి. 1985లో 120 నిమిషాలకు అనుమతి దొరికాక అట్లాంటిక్ దారులు మారాయి, తరువాత ఆ పరిమితి అంచెలంచెలుగా పెరిగింది. టిబెట్ పీఠభూమి విషయంలో అడ్డు వచ్చేది ఇంజన్ కాదు, ఊపిరి. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 10,000 అడుగుల ఎత్తుకు దిగాలి. ప్రయాణికుల ముసుగులలో ఆక్సిజన్ సాధారణంగా పావుగంట లోపే అయిపోతుంది. కింద నేలే అంతకంటే ఎత్తున ఉంటే దిగేది ఎక్కడికి? అందుకే పటంలో ఆ పీఠభూమి మీదుగా పోవలసిన దారులు చాలావరకు దాని పక్కల నుంచి చుట్టి పోతాయి.

వీటన్నింటికంటే ఎక్కువగా దారులను మార్చేవి దేశాల మధ్య తగాదాలు. హెల్సింకి నుంచి టోక్యోకు మహావృత్త దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. రష్యా గగనతలం మీదుగా పోయినన్నాళ్ళూ ఆ ప్రయాణం తొమ్మిది, తొమ్మిదిన్నర గంటలలో అయ్యేది. 2022లో ఆ గగనతలం మూతపడ్డాక అదే ప్రయాణానికి దాదాపు పదమూడు గంటలు పడుతోంది. ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా మధ్య ఆసియా మీదుగానో చుట్టి పోవలసి వస్తోంది. ఇది కొత్త కథ కూడా కాదు. సోవియట్ కాలంలో యూరప్ నుంచి జపాన్ వెళ్ళే విమానాలు అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి ఇంధనం నింపుకుని పోయేవి. కోపెన్‌హాగెన్ నుంచి ధ్రువ ప్రాంతం మీదుగా టోక్యోకు అలాంటి సర్వీసు 1957లో మొదలైంది. మన వైపు చూస్తే, 2019 ఫిబ్రవరి నుంచి జూలై వరకు, మళ్ళీ 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం మూతపడటంతో ఉత్తర భారతం నుంచి పడమటికి పోయే మన విమానాల దారులు పొడుగయ్యాయి. ఇన్ని మార్పులు జరిగినా నగరాల మధ్య మహావృత్త దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. బాక్సులో అదే అంకె పక్కన పాత సమయం వేస్తే, ప్రయాణికుడికి అందేది ఎప్పుడో చెల్లిపోయిన సమాచారం.

ఇక సమయం. నేటి పెద్ద విమానాలు ధ్వని వేగంలో 0.85 వంతు వేగంతో పోతాయి. 11 కిలోమీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రత మైనస్ 56 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కనుక, అక్కడ అది గంటకు దాదాపు 900 కిలోమీటర్లు అవుతుంది. అయితే ఆ వేగం చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పినదే తప్ప నేలతో పోల్చినది కాదు. ఆ గాలే నేల మీదుగా గంటకు 200 కిలోమీటర్ల వేగంతో కదులుతూ ఉంటే, నదిలో పడవకు ప్రవాహం కలిసివచ్చినట్టో ఎదురు తిరిగినట్టో విమానానికి అంత వేగమూ కలుస్తుంది లేదా తరుగుతుంది. రెండు అర్ధగోళాలలోనూ మధ్య అక్షాంశాల మీదుగా, పడమర నుంచి తూర్పుకు, ఆ ఎత్తుల్లోనే జెట్ స్ట్రీమ్ అనే వాయు ప్రవాహం సాగుతుంది. ఒక్కోసారి అది గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది, చలికాలంలో మరింత బలంగా ఉంటుంది. జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి 1920లలో బెలూన్లు ఎగరేసి దీన్ని కొలిచారు. ఆయన తన నివేదికను ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించడం వల్ల అది బయటి ప్రపంచం కంట అంతగా పడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అంత ఎత్తున ఎగిరిన అమెరికా బాంబర్లు ఆ గాలిని స్వయంగా ఎదుర్కొన్న తరువాతే దానికి తగిన గుర్తింపు వచ్చింది.

లండన్, న్యూయార్క్ నగరాల మధ్య సుమారు 5,540 కిలోమీటర్ల దూరం ఉంది. న్యూయార్క్ నుంచి లండన్‌కు విమానాల పట్టికలో ఉండే సమయం ఏడు గంటల చుట్టుపక్కల, లండన్ నుంచి న్యూయార్క్‌కు దాదాపు ఎనిమిది గంటలు. ఈ రెండింటిలో దేనిని ‘ఆ నగరాల మధ్య ప్రయాణ సమయం’ అనాలి? 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను వేళ, జెట్ స్ట్రీమ్ ఉధృతంగా ఉన్న రాత్రి, ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాలలో చేరింది. అదే రాత్రి పడమటికి బయలుదేరినవారు ఆ గాలికి మూల్యం చెల్లించి ఉంటారు. 1996 ఫిబ్రవరిలో ధ్వని కంటే వేగంగా పోయే కాంకార్డ్ అదే దారిని 2 గంటల 53 నిమిషాలలో ముగించింది. అలాంటి విమానాలు 2003 తరువాత సర్వీసులో లేవు కాబట్టి ఆ అంకె ఇప్పుడు చరిత్రకే పనికి వస్తుంది.

వెళ్ళేటప్పుడు కలిసివచ్చిన గాలి వచ్చేటప్పుడు ఎదురైనా మొత్తం మీద సరిపోతుందని, కనుక రెండింటి సగటు వేస్తే తప్పు లేదని వాదించేవారు ఉంటారు. సరిపోదు. 5,500 కిలోమీటర్ల దూరం, 900 కిలోమీటర్ల వేగం, 100 కిలోమీటర్ల గాలి తీసుకుని చూద్దాం. గాలి లేకపోతే ఒక్కో వైపుకు 6 గంటల 7 నిమిషాల చొప్పున, రానూపోనూ 12 గంటల 13 నిమిషాలు. గాలి ఉంటే పోవడానికి ఐదున్నర గంటలు, రావడానికి 6 గంటల 52 నిమిషాలు, మొత్తం 12 గంటల 22 నిమిషాలు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి నష్టం ఎప్పుడూ లాభాన్ని మించుతుంది. మరో అపోహను పిల్లలే కాదు, చదువుకున్న పెద్దలూ అడుగుతుంటారు: భూమి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమటికి పోయే విమానానికి ఊరే ఎదురు రావాలి కదా అని. భూమితోపాటు వాతావరణం కూడా తిరుగుతోంది, విమానం ఆ వాతావరణంలోనే ఉంది. అలా ఎదురు రావడమే నిజమైతే పడమటి ప్రయాణమే త్వరగా ముగియాలి. మధ్య అక్షాంశాలలో జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం.

దూరానికీ సమయానికీ ఉన్న సంబంధం ఎంత పలచనిదో చూపడానికి మన దేశపు ఉదాహరణే ఒకటి ఉంది. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో నేరు విమానం మొదలుపెట్టింది. తొలుత అది అట్లాంటిక్ వైపు నుంచి పోయేది, దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దానిని తూర్పుకు మళ్ళించి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా సుమారు 15,300 కిలోమీటర్ల దారిన నడిపారు. దారి పద్నాలుగు వందల కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. ఎదురుగాలిని వదిలి వెనుకగాలిని అందుకోవడమే దానికి కారణం. ఆ రెండు నగరాల మధ్య మహావృత్త దూరమేమో పన్నెండు వేల నాలుగు వందల కిలోమీటర్ల లోపే. ఈ మూడు అంకెలలో దేనిని సగటు వేగంతో భాగించినా అసలు సమయం రాదు. విమాన సంస్థల డిస్పాచర్లు రోజూ చేసే పని ఇదే. ఆ నాటి గాలుల అంచనా చూసి, అతి తక్కువ దూరం బదులు తక్కువ ఇంధనంతో, తక్కువ సమయంలో చేర్చే దారిని ఎంచుకుంటారు. ఉత్తర అట్లాంటిక్ మీద దారులనే రోజుకు రెండుసార్లు గాలిని బట్టి కొత్తగా గీస్తారు. నిన్నటి విమానం పోయిన దారిన నేటి విమానం పోకపోవచ్చు.

సమయం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది కూడా చూడాలి. టికెట్ మీద ఉండేది గాలిలో గడిపే సమయం కాదు. గేటు దగ్గర చక్రాల అడ్డుకట్టలు తీసిన క్షణం నుంచి చేరినచోట మళ్ళీ అడ్డుకట్టలు పెట్టే క్షణం వరకు లెక్కించేదాన్ని విమానయానంలో బ్లాక్ టైమ్ అంటారు. అందులో రన్‌వే దాకా నేల మీద నడిచే సమయం, వరుసలో నిలబడే సమయం, దిగాక గేటుకు చేరే సమయం కలిసి ఉంటాయి. ఆలస్యమయ్యాయన్న పేరు రాకుండా విమాన సంస్థలు దానికి మరికొన్ని నిమిషాలు కలుపుకోవడమూ మామూలే. విమానం అరగంట ఆలస్యంగా బయలుదేరినా ‘సమయానికే’ చేరడం వెనుక ఉన్న రహస్యం ఇదే. దగ్గరి ఊళ్ళ విషయంలో ఈ నేల మీది సమయమే ప్రధానమవుతుంది. లండన్ హీత్రో నుంచి ప్యారిస్ చార్లెస్ డిగాల్ విమానాశ్రయానికి దూరం 350 కిలోమీటర్లకు మించదు. గంటకు 800 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే అరగంట కూడా రాదు. పట్టికలో ఉండేది గంటంపావు, ఆపైన. పైకి ఎగబాకడంలో, కిందికి దిగడంలో ప్రయాణం అంతా అయిపోతుంది, పూర్తి వేగంతో సాగేది కొద్ది నిమిషాలే. పైగా లండన్ నుంచి ప్యారిస్‌కు రైలు నగరం నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు రెండుంపావు గంటల్లో చేరుస్తుంది. విమానాశ్రయానికి వెళ్ళే దారి, తనిఖీలు, సామాను కోసం నిరీక్షణ కలుపుకుంటే ఏది త్వరగా చేరుస్తుందో వేరే చెప్పనక్కరలేదు. రైలులో రెండున్నర గంటల లోపు చేరగల కొన్ని దేశీయ మార్గాలలో విమానాలను 2023లో ఫ్రాన్స్ నిలిపివేయడానికి ఈ లెక్క వీలు కల్పించింది.

ఇవన్నీ సాంకేతిక వివరాలు, సామాన్య పాఠకుడికి ఎందుకని అనుకోవడానికి లేదు. హక్కులు వీటి మీదే ఆధారపడి ఉన్నాయి. ఆలస్యానికి, రద్దుకు ఐరోపా సమాఖ్యలో ఇచ్చే పరిహారం దూరాన్ని బట్టి ఉంటుంది. 1,500, 3,500 కిలోమీటర్ల హద్దులు పెట్టి, ఆ దూరాన్ని మహావృత్తం ప్రకారమే కొలవాలని నిబంధనలోనే రాశారు. మన దేశంలో విమానం రద్దయినప్పుడు పరిహారాన్ని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు బ్లాక్ టైమ్‌ను బట్టి, ఒక గంట లోపా, రెండు గంటల లోపా, అంతకు పైనా అని విభజించాయి. అంటే ఒకే ప్రయాణాన్ని అక్కడ కిలోమీటర్లతో, ఇక్కడ నిమిషాలతో తూస్తున్నారు. విమానం ‘చేరిన సమయం’ అంటే ఏమిటన్న ప్రశ్న కూడా కోర్టుకెక్కింది. చక్రాలు నేలను తాకిన క్షణం కాదని, తలుపులలో కనీసం ఒకటి తెరుచుకుని ప్రయాణికులు దిగడానికి వీలు కలిగిన క్షణమే చేరిన సమయమని 2014లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పు నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది. తలుపు తెరిచేవరకు ప్రయాణికుడు తన ఇష్టప్రకారం ఏ పనీ చేసుకోలేని స్థితిలోనే ఉంటాడు.

పత్రికలలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే పొరపాటు మాత్రం స్థానిక కాలమానానికి సంబంధించినది. టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. ఒకదానిలో నుంచి మరొకటి తీసివేసి, వచ్చినదాన్ని ప్రయాణ సమయంగా అచ్చు వేసిన సందర్భాలు నేను చూశాను. చలికాలంలో సోమవారం సాయంత్రం ఐదు గంటలకు టోక్యోలో ఎక్కి, పది గంటలు ప్రయాణించినవారు లాస్ ఏంజెలెస్‌లో అదే సోమవారం ఉదయం పది గంటలకు దిగుతారు. తీసివేత ప్రకారం వారు బయలుదేరడానికి ఏడు గంటల ముందే చేరినట్టు! తిరుగు ప్రయాణంలో సోమవారం మధ్యాహ్నం ఎక్కినవారికి పన్నెండు గంటల తరువాత అక్కడ మంగళవారం సాయంత్రం అవుతుంది. అంతర్జాతీయ దినరేఖ ఒక రోజును ఇస్తుంది, ఒక రోజును తీసుకుంటుంది. దీనికి తోడు కొన్ని దేశాలు వేసవికి గడియారాలను గంట ముందుకు జరుపుతాయి, అందరూ ఒకే రోజున జరపరు. అమెరికా మార్చి రెండో ఆదివారం జరిపితే యూరప్ మార్చి ఆఖరి ఆదివారం జరుపుతుంది. ఆ నడుమ వారాలలో లండన్, న్యూయార్క్‌ల మధ్య ఐదు గంటల తేడా నాలుగు గంటలవుతుంది. భాష రాని చోట, ఒంటరిగా, తొలిసారి విమానం మారవలసిన వృద్ధులకు ఈ ఒక్క గంట తేడా ఎంత ఆందోళన తెచ్చిపెడుతుందో పత్రికలవారు ఊహించాలని వేడుకుంటున్నాను. పిల్లల దగ్గరికి బయలుదేరే తల్లిదండ్రులలో ఎందరో పత్రికలో వచ్చిన అంకెను వేదవాక్కుగా నమ్ముతారు.

కనుక నా విన్నపం ఇది. దూరం వేసేటప్పుడు ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి అన్నది పేర్లతో చెప్పి, అది మహావృత్త దూరమైతే ఆ మాట చేర్చండి. సమయాన్ని భాగహారంతో తేల్చకుండా, విమాన సంస్థ ప్రకటించిన పట్టిక నుంచి తీసుకుని, వెళ్ళడానికి ఎంత, రావడానికి ఎంత అని విడివిడిగా వేయండి. అది వేసవి పట్టికలోదో చలికాలపు పట్టికలోదో చెప్పడం మరవవద్దు. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం ఆ పట్టికలు మారతాయి, వాటితో సమయాలూ మారతాయి. బయలుదేరే, చేరే వేళల పక్కన ‘స్థానిక కాలమానం’ అని, తేదీ మారితే ‘మరునాడు’ అని ఒక్క మాట చాలు. ఏదైనా గగనతలం మూతపడి దారి మళ్ళినప్పుడు పాత బాక్సును తీసి మళ్ళీ వాడకుండా కొత్త సమయాన్ని కనుక్కోండి. వీటికి బాక్సులో రెండు వరుసలకు మించి చోటు పట్టదు. మరి కాస్త చోటు దొరికిన ఆదివారం సంచికలో, విమాన మార్గాన్ని గోడ పటం మీద తిన్నని గీతగా కాక ఉత్తర ధ్రువం పైనుంచి చూసినట్టు గీసిన పటం మీద ఒక్కసారి అచ్చు వేయండి. హెల్సింకి, టోక్యోల మధ్య రష్యా ఎంత అడ్డంగా పరుచుకుని ఉందో బడిపిల్లలు వెంటనే పోల్చుకోగలుగుతారు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు